గంట కొట్టిన ఇనుప చెయ్యి

నేను ఒక చేతిని. భుజం దగ్గర్నుంచి కొసదాకా ఇనుముతో కట్టిన చేతిని. మీ చేతులు నానా పనులూ చేస్తాయి. అన్నం కలుపుతాయి, దణ్ణం పెడతాయి, పిల్లల్ని లాలిస్తాయి, అవసరం పడితే తప్పు కప్పిపెడతాయి. నాకు మాత్రం ఒకటే పని. పైకి లేవాలి, పడాలి, గంట మీద ఒక్క దెబ్బ వేసి వెనక్కి వచ్చెయ్యాలి. ఎన్నిసార్లు పడినా అదే బలంతో పడాలి. దానికోసమే నన్ను పుట్టించారు.

నేను పుట్టింది సముద్రపు గాలి తగిలే ఒక విశ్వవిద్యాలయంలో, ఫిజిక్సు విభాగం వెనక ఉన్న రేకుల షెడ్డులో. దాన్ని వర్క్‌షాపు అంటారు. పుట్టించినవాడు కాళహస్తాచారి. అందరూ ఆచారిగారనే పిలుస్తారు. పొద్దున్నే వచ్చి లేతు మెషినుకి కుడిచెయ్యి తాకించి కళ్ళకద్దుకుంటేగాని మీట నొక్కడు. శుక్రవారం శుక్రవారం దానికి పసుపూ కుంకుమా పెట్టేవాడు. ఆయన తాత శిలావిగ్రహాలకు కళ్ళు చెక్కి తెరిపించిన మనిషట. ఆ వంశంలో పుట్టి ఇనుము తరుగుతున్నానే అని చిన్న దిగులుండేది గాని, ఇనుమూ ఈశ్వరుడిదేలే అని సర్దుకునేవాడు. పని చేస్తూ గొణుక్కునే అలవాటు ఆయనకి. ఇంటి సంగతులు, మనసులో సంగతులు నాకు తెలిశాయంటే ఆ గొణుగుడు చలవే.

నన్ను కావాలన్నది మంజువాణి. పరిశోధన చేస్తున్న పిల్ల. గుడిగంట కొట్టాక ఆ నాదం ఎలా సాగుతుంది, అందులో ఏ స్వరం ముందు చచ్చిపోతుంది, ఏది చివరిదాకా మిగులుతుంది అన్నది ఆమె చదువు. వినడానికి పూజలా ఉంటుంది గాని చెయ్యడం కష్టం. మనిషి చెయ్యి ఒకసారి కొట్టినట్టు ఇంకోసారి కొట్టదు. కాబట్టి అలవకుండా, విసుక్కోకుండా, ఒకే తీరున కొట్టే చెయ్యి కావాలి. బజార్లో దొరకదు. చేయించుకోవాల్సిందే.

ఆచారిగారు నన్ను ప్రేమగా కట్టాడు. ఇది నేను ఎప్పటికీ కాదనను. నిలబడే చట్రానికి ఇనప యాంగిల్సు కోసి అతికాడు. భుజం గరగరలాడకుండా తిరగాలని పాత సైకిలు హబ్బు విప్పి, బేరింగు గుళ్ళు కడిగి, కొత్త గ్రీజు పూసి బిగించాడు. నన్ను పైకెత్తడానికి చిన్న మోటారు, అనుకున్న ఎత్తుకు రాగానే వదిలెయ్యడానికి ఒక కొక్కెం, కొట్టి వెనక్కి వచ్చినప్పుడు మళ్ళీ పడకుండా పట్టుకోవడానికి ఒక గొళ్ళెం. ఎత్తు మార్చడానికి పక్కన ఒక మర. మంజువాణి రోజూ వచ్చి స్టూలు మీద కూర్చుని చూసేది.

"బాబాయ్, అచ్చం మా నాయనమ్మ చెయ్యిలా ఉంది. తప్పు చేస్తే ఇలాగే టపీమని ఒక్కటేసి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు ఒళ్ళో పెట్టుకునేది."

"నాయనమ్మకు మోటారు లేదమ్మా, మూడు పూటలా కాఫీ ఉండేది. అంతే తేడా," అనేవాడు ఆయన.

ఇక నా తల మిగిలింది. గంటకు తగిలేది అదే. ఆమె గీసి ఇచ్చిన కాగితంలో తలకు మందపాటి తోలు తొడుగు అని ఉంది. ఎందుకు తోలు అన్నది అందులో లేదు. చదువుకున్నవాళ్ళకు కారణం చెప్పాలని తోచదు, భక్తులకు కారణం అడగాలని తోచదు. ఈ రెండింటి మధ్యన ఇనుములాంటి మేము నలిగిపోతాం.

ఆచారిగారు కాగితం మడత పెట్టి ఒకటే ప్రశ్న వేశాడు. "ఆ వచ్చే గంట గుళ్ళో మోగిందేనా అమ్మా?"

"అవును బాబాయ్. మా ఊరి సోమేశ్వరుడిది. అభిషేకం వేళ మోగేది. మండపం బాగుచేస్తున్నారని దించారు. మళ్ళీ కట్టేలోపు ఇమ్మని బతిమాలితే, మా నాన్న పూచీ మీద ఇచ్చారు."

 ఆయన ఆ మధ్యాహ్నమంతా గొణుగుతూనే ఉన్నాడు. అభిషేకం గంట. దానికి చచ్చిన పశువు చర్మం తగలడమా? మనం దేవుడి గదిలోకి తోలు బెల్టు పెట్టుకుని వెళ్తామా? పాపం, చిన్నపిల్ల, తెలియక అడిగింది. తెలిసిన వాణ్ణి నేనెలా చెయ్యను? అడిగితే పెద్దసారు నవ్వుతాడు. ఎందుకొచ్చిన వాదన.

మర్నాడు నా తలకు ఇత్తడి బొడిపె ఒకటి చక్కగా తరిగి పెట్టాడు. గంటకు నాలుక ఉండేదే లోహంతో కదా, ఇత్తడి తగిలితే ఏమవుతుంది అనుకున్నాడు. దానిమీద అమ్మవారికి కట్టి తీసిన పట్టుగుడ్డ ముక్క చుట్టాడు. పైన నల్ల వార్నీషు రెండు పూతలు వేశాడు. ఆరాక చూస్తే అచ్చం తోలే. తన పనికి తనే మురిసిపోయాడు. ఆడపిల్లకు రావాల్సిన పాపాన్ని నేను తప్పించాను అని నా తల నిమిరాడు. నాకూ గర్వంగానే అనిపించింది. పుట్టుకతోనే పట్టుబట్ట కట్టుకున్న యంత్రం ఇంకెక్కడుంటుంది?

గంట వచ్చింది. వచ్చినప్పుడు చూడాలి! ఊళ్ళోంచి డోలుతో సాగనంపారట. దేవుడి వస్తువు డోలు లేకుండా గడప దాటకూడదని ఆ ఊరి కట్టడి. నిండు కంచు, చేట నిండా పట్టేంత మూతి, నడుము దగ్గర సన్నగా, భుజం మీద నంది బొమ్మ. ల్యాబులో కొయ్య దూలానికి దాన్ని వేలాడదీసి నన్ను ఎదురుగా నిలబెట్టారు. మొదటి దెబ్బకే గదంతా నిండిపోయింది. ఆచారిగారు గుమ్మంలో నిలబడి చెంపలు వేసుకున్నాడు. మంజువాణి చెవులకు పెట్టుకున్నవి తీసి, "ఇంత స్పష్టంగా వస్తుందనుకోలేదు బాబాయ్! తోలు కదా, కొంచెం మొద్దుగా ఉంటుందనుకున్నా," అంది. ఆయన, "గంట మంచిదమ్మా," అన్నాడు.

అక్కడ చెప్పి ఉంటే సరిపోయేది. నాకు నోరు లేదు. ఉన్నవాళ్ళు చెప్పలేదు.

ఆ రోజు నుంచి నేను కొడుతూనే ఉన్నాను. గంట నాలుక లోపల్నుంచి మందంగా ఉండే అంచుకు తగులుతుంది. నా దెబ్బ బయటనుంచి, పలచని నడుము మీద, నెలల తరబడి అదే చోట. పట్టుగుడ్డ ఎప్పుడు అరిగిపోయిందో ఎవరూ చూడలేదు. దాని వెనక ఇత్తడి మెరవడం మొదలయ్యాక నాకు తెలుస్తూనే ఉంది, దెబ్బ దెబ్బకీ గంటలో ఏదో సన్నగా తెగుతోందని. ఆపడం నా చేతిలో లేదు. ఆపడం చేతనైన చేతిగా నన్ను కట్టలేదు.

ఒక ఉదయం నాదం మధ్యలోనే బొంగురుపోయింది. జలుబు చేసిన గొంతులా గరగరమని ఆగిపోయింది. మంజువాణి స్విచ్చి కట్టేసి, గంట నడుము మీద వేలు పెట్టి రాసింది. వెంట్రుకంత గీత. వేలు ఆగిపోయింది.

"మర ఎక్కువ తిప్పేశాను బాబాయ్," అంది.  "నిన్న ఎత్తు పెంచింది నేనే. కొంచెమే పెంచాననుకున్నా."

ఆచారిగారు నూనె డబ్బా పట్టుకుని నిలబడ్డాడు.  "చూద్దాంలేమ్మా. దీన్ని షెడ్డుకు పట్టుకెళ్ళి ఒకసారి విప్పి చూస్తా," అన్నాడు.

షెడ్డులో నన్ను బల్లమీద పెట్టి తల చూశాడు. గుడ్డ చిరిగి, ఇత్తడి ముక్కు బయటికి వచ్చి తళతళలాడుతోంది.  తర్వాత సైకిలు తీసి బయటికి వెళ్ళాడు. వచ్చేటప్పటికి చేతిలో న్యూస్‌పేపరు పొట్లం. బస్టాండు ఎదురుగా చెప్పులు కుట్టేవాడి దగ్గర తెచ్చిన తోలు ముక్క. ఏ తోలును గంటకు తగలనివ్వకూడదని ఇంత చేశాడో, ఆ తోలును తన రెండు చేతులతో తడిపి, సాగదీసి, నా తలకు తొడిగి, చుట్టూ మేకులు కొట్టాడు. పాత ఇత్తడి బొడిపెను తుక్కు డబ్బాలో అడుక్కి తోశాడు. కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. సబ్బు అరిగేలా కడుక్కున్నాడు.

మర్నాడు పెద్దసారు, ప్రొఫెసర్ గోవిందరాజులుగారు వచ్చి నన్ను అటూ ఇటూ తిప్పి చూశారు. తోలు సరిగ్గానే ఉంది, బిగింపు సరిగ్గానే ఉంది. "అయితే ఎత్తు దగ్గరే పొరపాటు జరిగిందమ్మాయ్," అన్నారు. పిల్ల మొహం చూసి జాలి పడ్డారు కాబోలు, "పాత గంట. పోత పోసినప్పుడే లోపల లోపం ఉండి ఉంటుంది. అలాగే చెప్పేద్దాం. ఎవరికీ బాధుండదు," అన్నారు.

"లోపం ఉందో లేదో మనం చూడలేదు కదా సార్," అంది మంజువాణి.

ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆచారిగారికి తిండి పోయింది. టిఫిను డబ్బా తెరిచి, పప్పన్నం చూసి, మళ్ళీ మూత పెట్టేసేవాడు. నా పక్కన స్టూలు మీద కూర్చుని గొణిగేవాడు. "నిన్న దీపం కుందిలో నూనె పొయ్యకుండా ఒత్తి వెలిగించానట. మా ఇంటావిడ భ్రమరాంబ చూసి, ఏమిటండీ పరధ్యానం, ఎవరైనా ఏమన్నా అన్నారా అంది. ఎవరూ ఏమీ అనట్లేదే, అదే కదా బాధ అందామనుకున్నా." ఇంకోసారి, "స్వామీ, నీకోసమే చేశాను కదా," అన్నాడు. మళ్ళీ, "నీకోసమేనా?" అని తనే అడిగాడు. పైకప్పు రేకుల మీద కాకి నడిచిన చప్పుడు తప్ప జవాబు రాలేదు. దేవుడు మాట్లాడడు సరే. ఆచారిగారు మాట్లాడవలసింది దేవుడితో కాదని నాకనిపించేది. ఇనుమును, నాకేం తెలుసు.

పగిలిన సంగతి మంజువాణి ఊరికి ఫోనులో చెప్పలేదు. ఎదురుగా నిలబడే చెప్పాలనుకుంది. గంటను తీసుకుపోవడానికి వాళ్ళే వచ్చారు. గుడి కమిటీ పెద్ద తవిటినాయుడు, పూజారి విశ్వనాథంగారు, డోలు వాయించే పైడయ్య, ముగ్గురూ గూడ్సు ఆటోలో. పోయేటప్పుడు ఉన్న డోలు వచ్చేటప్పుడూ ఉండాలి కదా. విభాగం మెట్ల దగ్గరే పైడయ్య డోలు అందుకున్నాడు. పక్క గదుల్లో పాఠాలు ఆగిపోయాయి. వాచ్‌మెన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఇది యూనివర్సిటీ అయ్యా! ఇక్కడ డోలు వాయించకూడదు!"

"మరి గంట కొట్టొచ్చేటి? నెలల తరబడి మీరు కొడతన్నారు, మేమేటన్నా అన్నామా?" అన్నాడు పైడయ్య, చెయ్యి ఆపకుండానే.

నవ్వుకుంటూ ల్యాబులోకి వచ్చారు. తవిటినాయుడు గంటకు దణ్ణం పెట్టి, ముద్దుగా పిడికిలితో తట్టాడు. గంట బొంగురుగా దగ్గింది. నవ్వులు ఆగిపోయాయి.

"పగిలింది పెదనాయనా," అంది మంజువాణి. "నేనే పగలగొట్టాను."

ప్రొఫెసరుగారు ముందుకు వచ్చి పోతలో లోపం గురించి మొదలుపెట్టారు. తవిటినాయుడు ఆయన వైపు చూడనైనా లేదు. "మా తాతలనాడు నేని నోపం మీ గదిలోకి రాగానే ఒచ్చీసిందా బావూ?" అని, పిల్ల వైపు తిరిగాడు. "ఓలమ్మా, నీకేటని ఇచ్చినాం? మీ నాన్న నా సేతులు అట్టుకుని, నా కూతురు పువ్వునాగ సూసుకుంటాది అన్నాడు. ఇప్పుడు మా మజ్జిన ఏ మొహం ఎట్టుకుని కూకుంటాడు? రేపు కార్తీకం. స్వామికి గంట నేదు. ఎవురు పగలగొట్టేరంటే ఏటి సెప్పాల? మనూరి ఆడపిల్లే అని సెప్పాలా?"

"అలాగే చెప్పండి," అంది ఆమె. "గంటలో లోపం లేదు. ఎత్తు పెంచింది నేను. తప్పు నాది. నాన్నది కాదు."

ఆమె కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకోవడానికి చేతులు లేవలేదు.

అప్పుడు ఆచారిగారు గోడ దగ్గర్నుంచి కదిలాడు. నా దగ్గరకు వచ్చి, నా తల మీద చెయ్యి వేశాడు. 

"ఆ అమ్మాయి కాదు బాబూ. ఈ తోలు చూస్తున్నారే, ఇది పగిలాక పెట్టింది. పగలకముందు ఇక్కడ ఇత్తడి ఉండేది. తోలు పెట్టమని ఆమె రాసిచ్చింది. నేను పెట్టలేదు. తోలులా కనబడేట్టు చేసి మోసం చేశాను. పగిలాక ఎవరికీ తెలియకుండా మార్చాను. ఇన్నాళ్ళూ ఆమె ఏడుస్తుంటే చూస్తూ ఊరుకున్నాను."

 పూజారిగారే ముందు అడిగారు. "ఎందుకు పెట్టలేదు నాయనా?"

"స్వామి గంట కదండీ. తోలు తగిలితే అపచారం అని."

పైడయ్య ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత మెడలో వేలాడుతున్న డోలును ఇటు తిప్పి ఒక దెబ్బ, అటు తిప్పి ఒక దెబ్బ వేశాడు.

"ఇదేటి ఆచారి బావూ? అరిటాకా? రెండు మొకాలకీ మేక తోలే. మూడు పూటలా స్వామి ఎదురుగానే మోగతాది. మా తాత మోగించినాడు, మా అయ్య మోగించినాడు. స్వామి ఏ పొద్దూ సెవులు మూసుకోనేదు. ఆయన కూకునేదే పులితోలు మీద గదేటి?" నవ్వాడు గాని ఆ నవ్వులో కొంచెం ఉప్పు ఉంది. "తోలంటే మీకు సిరాకు గాని, ఆయనకి నేదు బావూ. తోలు వాయించేవోణ్ణి నన్నే గుమ్మం బయట నిలబెట్టింది మీరు గాని ఆయన కాదు."

పూజారిగారు నేల చూపులు చూశారు.  ఆచారిగారి తప్పును పైడయ్య తేలిక చేశాడో, బరువు చేశాడో నాకు ఇప్పటికీ తెలియదు. దేవుడు అడగని మడి కోసం ఒక పిల్ల మీద నింద వేయించాను అన్నది మాత్రం ఆయనకు అప్పుడే పూర్తిగా తెలిసినట్టుంది.

మంజువాణి అంతవరకూ ఆయన్నే చూస్తోంది.

"నా కొలతలన్నీ ఇత్తడివి," అంది మెల్లిగా. "తోలు అనుకుని లెక్క కట్టినవన్నీ. మొదట్నుంచీ మళ్ళీ చెయ్యాలి." ఆ పైన, "తోలు మీకు ఇష్టం లేదని ఒక్క మాట అనుంటే, రబ్బరు పెట్టేవాళ్ళం కదా. నాకు మెత్తగా ఉంటే చాలు. అంతే కావలసింది," అంది.

 పైడయ్య మాటకంటే ఆ మాటే ఆచారిగారిని కోసేసింది. ఆ వేళ ఆ గదిలో కోపం ఉన్నా ఎవరూ గట్టిగా అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదేమో.

తవిటినాయుడే తేల్చాడు. పగిలిన గంట గుడిలో కట్టకూడదు. కరిగించి అదే కంచుతో మళ్ళీ పోత పోయించాలి. పోసేది కంచుపని చేసే ఆచార్లే కాబట్టి, ఆచారిగారి వైపు తిరిగాడు. "పోయించే బాజ్జెత నీది. ముందు ముక్కలు సెయ్యాల. అది కూడా నువ్వే సెయ్యి. మేం దేవుడి గంట మీద సమ్మెట ఎత్తలేం."

పూజారిగారు చెంబుతో నీళ్ళు తెప్పించి, ఏదో చదివి, గంట మీద చల్లారు. నంది బొమ్మను ఒకసారి తాకి, "ఇక ఇది కంచు మాత్రమే," అన్నారు. అందరూ వరండాలోకి వెళ్ళిపోయారు.

గంటను నేలమీద దొర్లించి, గోనె పట్టా పరిచారు. ఆచారిగారు సమ్మెట ఎత్తాడు. గంట గుండ్రన, నేల సిమెంటు. దెబ్బ జారిపోయి గంట అవతలికి దొర్లింది. దగ్గరకు లాక్కుని మళ్ళీ కొట్టాడు. మళ్ళీ దొర్లింది. మూడోసారి సమ్మెట ఎత్తి, దించకుండా అలాగే ఉండిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. అవి పని బరువుకు కదలడం లేదు.

మంజువాణి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. లోపలికి వచ్చింది. చున్నీ నడుముకు బిగించి, అవతలి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, గంట మూతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఆయన మొహం వైపు చూడలేదు. బాబాయ్ అనలేదు.

"కొట్టండి," అంది.

"చేతులు, అమ్మా. చేతులు తియ్యి."

"నేను పట్టుకోకపోతే దొర్లుతూనే ఉంటుంది. ఇక్కడ కొట్టండి, నడుము మీద. అంచు మీద వద్దు."

ఆయన సమ్మెట దించాడు. నేను పుట్టిన దగ్గర్నుంచి ఆయన నోట వినని మాట అప్పుడు విన్నాను. "ఎందుకమ్మా, అక్కడే ఎందుకు?"

ఆమె చెప్పింది. కంచు ఎక్కడ మందమో, ఎక్కడ పలచనో, నాదం ఎక్కడ పుట్టి ఎటు పోతుందో, మెత్తని దెబ్బకు అది ఎందుకు తట్టుకుంటుందో, గట్టి దెబ్బకు ఎందుకు తెగుతుందో. మొదట్లో ముక్కు ఎగబీలుస్తూ, తర్వాత పాఠం చెప్పినట్టు, నేల మీద వేలితో గీసి చూపిస్తూ చెప్పింది. ఆయన సమ్మెట ఒళ్ళో పెట్టుకుని మొత్తం విన్నాడు. మధ్యలో ఇంకో ప్రశ్న కూడా వేశాడు. తర్వాత ఆమె మళ్ళీ గంటను పట్టుకుంది. ఆయన ఆమె చూపించిన చోట కొట్టాడు.

ఇప్పుడు నేను షెడ్డు వెనక తుక్కులో ఉన్నాను. నా తర్వాత రబ్బరు తలతో ఇంకో చేతిని కట్టారు. దానికి తల పెట్టేముందు ఆచారిగారు మూడు రకాల రబ్బరు తెచ్చి, ఏది పెట్టమంటావమ్మా అని అడిగాడట. కొత్త గంట ఊళ్ళో మోగుతోందట. దాన్ని నేను వినలేదు. వాన వస్తే నా తోలు తల నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండకు బిగుసుకుంటుంది. ఆ గంటను పగలగొట్టిన దెబ్బలు ఆయనవా, నావా అని అప్పుడప్పుడు ఆలోచిస్తాను. చేయించినవాడు ఆయనే. కానీ తగిలింది నేను.